సీసాకు పెట్టిన బొట్టు

ప్రోతరాపూర్ బజారులో మా నాన్న కొట్టు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. అద్దాల తలుపు, చల్లటి గాలి, ప్రతి వస్తువు మీదా ధర అంటించిన చీటీ. మొన్న ఛార్జర్ కోసం వెళ్లి, అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాను. కౌంటర్ వెనకాయన నా ముఖం చూడకుండానే "దీదీ, ఫిక్స్‌డ్ రేట్" అని చీటీ మీద వేలు ఆనించాడు. బేరం ఆడనివ్వని చోటు కొట్టెలా అవుతుందని గొణుక్కుంటూ, అడిగినంతా ఇచ్చేసి బయటికొచ్చాను. గుమ్మం పక్కన ఒకప్పుడు చేపల అత్త తట్ట పెట్టుకుని కూర్చునే చోట ఇప్పుడు స్కూటర్లు ఆపుతున్నారు. ఛార్జర్ సంచీ పట్టుకుని ఏదో మర్చిపోయినదానిలా అక్కడే కాసేపు నిలబడ్డాను.

మర్చిపోయిందేమీ లేదు. అన్నీ గుర్తొచ్చాయి, అదే ఇబ్బంది.

మా కొట్టులో బియ్యం నుంచి కొబ్బరి తాడు దాకా అన్నీ దొరికేవి. మాది దీవి కాబట్టి సరుకంతా మెయిన్‌లాండ్ నుంచి ఓడ మీద రావాలి. ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయల బుట్టలో తొక్కలు మిగిలేవి. ఓడ వచ్చిన రోజు మాత్రం బస్తాలు, అట్టపెట్టెలు గుమ్మం దాకా నిండిపోయి, కొట్టు వెనకే ఉన్న మా ఇంటి నిండా గోనె వాసన, దాని వెనక సన్నగా డీజిల్ వాసన. ఎంత తొందరగా ఉన్నా, కొనేవాళ్లు వరసలో నిలబడి అరుస్తున్నా, నాన్న బొట్టు పెట్టందే ఒక్క పెట్టె కూడా విప్పేవాళ్లం కాదు. ఉంగరం వేలు భరిణెలో ముంచి పెట్టె మూతకి ఒక బొట్టు, విప్పాక లోపలినుంచి తీసిన మొదటి వస్తువుకి ఒక బొట్టు. మొదటి సబ్బుకి, మొదటి నూనె డబ్బాకి, ఒకసారి మొదటి ఎలుకల మందు పొట్లానికి కూడా పెట్టాడు.

"ఇది ఎవరిని చల్లగా చూడాలి నాన్నా?" అని అడిగాను.

"కొన్నవాణ్ణి" అన్నాడు, నవ్వకుండా.

ఆ కొట్టులో పెరిగినదాన్ని కాబట్టి నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. నా గురువు చేపల అత్త. మాకు బంధువేం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేసిన మనిషి. మా అరుగు నీడలో తట్ట పెట్టుకోవడానికి నాన్న ఒప్పుకున్నందుకు మాకు చేపలు తక్కువ ధరకి ఇస్తానని చెప్పి, మాకే ఎక్కువ చెప్పేది. రోజూ పొద్దున్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడించేది. నేను సగం అడిగేదాన్ని. ఆమె గుండె పట్టుకుని వెనక్కి పడబోయేది. "షావుకారూ! నీ కూతురు నన్ను సంపెత్తంది, ఎవరైనా డాక్టర్ని బులావ్!" అని లోపలికి కేకేసేది. బజారంతా నవ్వేది. చివరికి ఎప్పుడూ ఆమే గెలిచేది. నేను గెలిచాననుకుంటూ ఇంట్లోకి వెళ్లేదాన్ని.

ఇలాంటిదాన్ని కెమిస్ట్రీలోకి ఎందుకు పంపారో నాకిప్పటికీ అర్థం కాదు. మెయిన్‌లాండ్‌లో చదువు ముగించుకుని తిరిగి వచ్చి, నీళ్లలో పాదరసం మీద పరిశోధన చేసే ఒక మేడమ్ దగ్గర ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. ఆవిడ పుట్టి పెరిగింది లంబాలైన్‌లో. వాళ్ల నాన్నగారు ఆంధ్రా నుంచి టీచరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆదివారం తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఏరోడ్రమ్ పక్కన పెరగడం వల్లనేమో, విమానం వెళ్లేటప్పుడు మాట ఆపి, వెళ్లాక సరిగ్గా ఆపిన చోటు నుంచే మొదలుపెట్టడం ఆవిడకి బాగా అలవాటు.

పాదరసం అనగానే అందరికీ పగిలిన థర్మామీటరు గుర్తొస్తుంది. మేం వెతికేది కంటికి కనబడేది కాదు. ఎక్కడెక్కడి పొగల్లోంచో గాలిలో తేలివచ్చి, వానతో కిందికి దిగుతుంది. మడ చెట్ల వేళ్ల కింద గాలి ఆడని బురదలోకి చేరాక, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకో రూపంలోకి మారుస్తాయి. ఆ మారిన రూపమే ప్రమాదం. చిన్న చేపలోకి వెళ్తుంది, దాన్ని తిన్న పెద్ద చేపలో పోగవుతుంది, ఆ తర్వాత మన కంచంలోకి వస్తుంది. మా ఊరి దగ్గర సిప్పీఘాట్‌లో సునామీ తర్వాత నేల కుంగి, వరి పొలాల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది. గట్లు ఉన్న చోట క్రీకు అనే సముద్రపు పాయ, నాట్లు వేసిన చోట మడ మొక్కలు. అలా కొత్తగా మునిగిన బురదలో పాదరసం ఏం చేస్తోందో తెలుసుకోవాలన్నది మా మేడమ్ ప్రశ్న. ఆ క్రీకులోనే చేపల అత్త కొడుకు వల వేసేవాడు. వాళ్ల తట్టలో కొయ్యంగ చేపలైనా, మండపీతలైనా అక్కడివే. "వరి పోనాది, సేప వొచ్చినాది. దేవుడు ఒక సేత్తో తీసి ఇంకో సేత్తో ఇచ్చాడు" అనేది అత్త.

చేతులంటే గుర్తొచ్చింది. ఈ పనికి రెండు జతల చేతులు కావాలి. ఒకరివి శుభ్రమైన చేతులు, ఇంకొకరివి మురికి చేతులు. నేను పెట్టిన పేర్లు కాదు, ఆ పద్ధతికే ఆ పేర్లు. ఒక్కో సీసా రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఉంటుంది. మురికి చేతులవాళ్లు డబ్బా మొయ్యాలి, తెడ్డు వెయ్యాలి, పై సంచీ మాత్రమే విప్పాలి. శుభ్రమైన చేతులవాళ్లు లోపలి సంచీ, సీసా తప్ప ప్రపంచంలో దేన్నీ తాకకూడదు. బరువు లేని పని ఏదో చూడగానే తెలిసిపోయింది కాబట్టి, వెంటనే బేరం పెట్టాను.

"మేడమ్, ఒకరోజు మీరు శుభ్రం, ఒకరోజు నేను శుభ్రం."

"నీకు కనబడినదల్లా పట్టుకుని నొక్కి చూసే అలవాటు. నిన్న నా టిఫిన్ డబ్బా కూడా నొక్కి చూశావు. నువ్వు మురికే."

ఆ బేరం అక్కడితో సరి.

సీసాలు మెయిన్‌లాండ్ ల్యాబ్‌లో రోజుల తరబడి ఆసిడ్‌లో నాని, సంచుల్లోకి ఎక్కి, విమానంలో వచ్చేవి. మేం నింపి పంపితే అక్కడి మెషీన్ మీద పరీక్ష. వాటిలో ఒక సీసా ప్రత్యేకం. అందులో ముందే పరమ శుద్ధమైన నీళ్లు పోసి పంపుతారు. దాన్ని మాతోపాటు క్రీకు దాకా తీసుకెళ్లి, మూత తీసి, కాసేపు ఆ గాలి చూపించి, మూత పెట్టి తిరిగి పంపాలి. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో ఏమీ రాకూడదు. వస్తే అది నీళ్లది కాదు, మనది.

మొదటిసారి సీసాల డబ్బా సాయంత్రం విమానానికి వచ్చింది. అప్పటికే ఆఫీసుకి తాళం పడింది. మర్నాడు పొద్దున్నే సిప్పీఘాట్ వెళ్లాలి. దారిలోనే ఉంది కదా అని డబ్బా మా కొట్టులో దింపాను. మర్నాడు మేడమ్ జీపులో వచ్చి నన్నూ డబ్బానీ ఎక్కించుకుంది. చినుకుల్లో, చిన్న డింగీ పడవలో, తెల్ల కోట్లు వేసుకుని మోచేతుల దాకా గ్లౌజులు, ముఖాలకి మాస్కులు తొడుక్కుని ఇద్దరాడవాళ్లం క్రీకు మధ్యలోకి వెళ్లాం. రోడ్డు మీద బస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

ఆ గ్లౌజులు నీళ్ల నుంచి మమ్మల్ని కాపాడడానికి కాదు, మా నుంచి నీళ్లని కాపాడడానికి. బస్సులోవాళ్లకి అది ఎవరు చెప్పాలి? బస్సు ప్రోతరాపూర్ చేరేలోపు కబురు తయారైపోయింది.

ఆ తర్వాత నుంచి అత్త తట్ట పొద్దెక్కినా నిండుగానే ఉండేది. జనం వచ్చి "ఎక్కడి చేప?" అని అడగడం, సిప్పీఘాట్ అనగానే లేచిపోవడం. అత్త అబద్ధం చెప్పగలదు. ధర విషయంలో జీవితమంతా చెప్పింది. చేప ఎక్కడిదో మాత్రం ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు. ఒకరోజు నా దారికి అడ్డంగా తట్ట జరిపింది.

"ఏటి పాపా, నీల్లల్లో జహర్ కలిసిందంట. నువ్వే సూసొచ్చావంట."

"విషమేదీ చూడలేదత్తా. ఇంకా రిజల్ట్ రాలేదు."

"రాకుండానే నా బేరం పోనాది. వొత్తే ఏటవుద్ది?"

"వచ్చాక చెప్తాను."

"సచ్ సెప్పాల. బాగునేదంటే బాగునేదని సెప్పెయ్. నా మనవలు కూడా అదే తింతన్నారు. ఉండీ నేదని మాత్రం సెప్పకు."

ఆమె నాతో నవ్వకుండా మాట్లాడడం అదే మొదటిసారి.

మేడమ్‌కి ఫోన్ వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ విని, కాగితం మీద రాసుకుని, పెన్ను మూత పెట్టింది. క్రీకు నీళ్లలో పాదరసం ఉంది, చాలానే. బ్లాంక్‌లో అంతకన్నా ఎక్కువ ఉంది. అంటే, మేం మోసుకెళ్లిన శుద్ధమైన నీళ్లకన్నా క్రీకే నయం.

నాలోని షావుకారు వెంటనే లేచాడు. "మేడమ్, ఆ ఒక్క సీసా పక్కన పెట్టేసి మిగతావి చూసుకుంటే?"

"మిగతావి కూడా పక్కన పెట్టేసి నీకు నచ్చిన నంబర్ రాసుకుందామా?"

"కనీసం కొంత తగ్గించుకుని..."

పైన విమానం వెళ్తోంది. ఆవిడ ఆగింది. వెళ్లాక అంది: "ఇది మీ కొట్టు కాదమ్మా. ఉందో లేదో మనకి తెలియదు. ఇవాళ మన దగ్గరున్న నిజం అదొక్కటే."

ఆ నిజం పట్టుకెళ్లి అత్తకి చెప్పాను. "తెల్దా?" అంది. "సదూకోనోల్లకీ తెల్దు, సదూకున్నోల్లకీ తెల్దు. మరి ఆ కోట్లెందుకే?" ఆ పూట అమ్ముడుపోని కొయ్యంగలకి పొట్ట చీల్చి, ఉప్పు రాసి ఎండబెట్టింది. మా అరుగు మీదే. కొట్టంతా ఆ వాసన. నాన్న బియ్యం బస్తాలు లోపలికి జరిపి చోటిచ్చాడు.

సీసాలు మళ్లీ కడిగి రావడానికి టైము పడుతుంది. ఈలోపు తప్పెక్కడ జరిగిందో తేలకపోతే రెండోసారీ అదే జరుగుతుంది. నాతో యూనివర్సిటీలో చదివిన స్నేహితురాలు ఒకతె అణువుకన్నా చిన్న కణాల్ని ఢీకొట్టించి చూసే పెద్ద డిటెక్టర్ల మీద పనిచేసేది. నీటి సంగతి దానికి తెలియదు, అయినా గోడు వెళ్లబోసుకోవడానికి ఫోన్ చేశాను. అది విని నవ్వింది. "మాకూ ఇదే గోల. అసలు ఢీకొట్టించకుండా, అంతా ఆపేసి, డిటెక్టర్ ఊరికే ఏం చూపిస్తుందో ముందు చూస్తాం. ఏమీ లేనప్పుడు కూడా ఏదో కనబడితే కొత్త కణం దొరికిందని గంతులెయ్యం. గదిలోకి ఎవరొచ్చారు, ఏం తెచ్చారు అని అడుగుతాం. నీ డబ్బా ఎక్కడెక్కడ ఆగిందో చూసుకో" అంది.

డబ్బా ఆగింది ఒక్కచోటే.

నేను కొట్టుకి వెళ్లేసరికి ఓడ సరుకు దిగింది. నాన్న అట్టపెట్టెల ముందు నిలబడి భరిణె తీశాడు. మూతకి ఒక బొట్టు. విప్పాడు. మొదటి అగ్గిపెట్టెల కట్టకి ఒక బొట్టు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని. అందుకే ఆ రోజు క్రీకులో డబ్బా మూత మీద ఎర్రటి మరక చూసి కూడా చూడలేదు. మా ఇంట్లో ఏ పెట్టెకైనా బొట్టు ఉంటుంది. లేని పెట్టె అయితే ఇది ఎవరిదని అడిగేదాన్ని.

"నాన్నా, నా డబ్బాకి కూడా పెట్టావా?"

"పెట్టకుండా ఎలా పంపిస్తానమ్మా? మూతకి ఒకటి. లోపల పైనున్న సీసా సంచీకి ఒకటి. సీసాని ముట్టుకోలేదు, ముట్టుకోవద్దన్నావని."

పైనున్న సీసా బ్లాంక్.

"ఏ కుంకుమ?"

ఆయన ముఖం వెలిగింది. "రోజూ పెట్టేది కాదు. అది పసుపుతో చేసిన కుంకుమ. నీ మొదటి పని కదా అని ఆంజనేయస్వామి సింధూరం తీశాను. పాత సరుకు, మా నాన్న నాటిది. ఇప్పుడు దొరికేవన్నీ రంగు పొడులు. ఇది అసలైనది."

అసలైన సింధూరమంటే పాదరసం, గంధకం. కాలేజీలో రాసిన మొదటి పరీక్షలోనే ఉంది ఆ ప్రశ్న. మేం వెతికేది ఎంత తక్కువంటే, ఆ పొడిలో కంటికి ఆనని నలుసు పడినా చాలు, సీసా మొత్తం పాడవుతుంది. చినుకులకి బొట్టు తడిసింది, నా గ్లౌజుకి అంటింది, నా మురికి చేతులు సంచీ నుంచి సంచీకి దాన్ని మోసుకుపోయాయి. ఆయన కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచిది నాకు పెట్టాడు.

నిజం చెప్పాను. నాన్న భరిణె మూత పెట్టి, నా వైపు చూడకుండా అగ్గిపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దుతూనే, "అయితే ఆవిడ చేపలు అమ్ముడుపోకపోవడం నా వల్లేనా?" అన్నాడు.

"కాదు నాన్నా. అది మా కోట్ల వల్ల. నీ వల్ల అయింది ఆలస్యం ఒక్కటే."

ఆయనకి అది పెద్ద ఊరటగా అనిపించలేదు. ఆ సాయంత్రమే చొక్కా మార్చుకుని నాతో లంబాలైన్ వచ్చాడు. మేడమ్ గుమ్మంలోనే చేతులు జోడించి, "పొరపాటైంది మేడమ్‌గారూ. కోపం చేసుకోకండి. మంచి జరగాలనే పెట్టాను" అన్నాడు.

మేడమ్ అంతా విని తల పట్టుకుంది. "నేనూ చూశానండీ ఆ బొట్టు! కుంకుమే కదా, పసుపే కదా అనుకున్నాను. పైగా మీ ఇంటి పద్ధతి, చర్చికెళ్లేదాన్ని నేను అడిగితే ఇంకోలా అనుకుంటారేమోనని నోరు మూసుకున్నాను."

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఒకాయన ప్రేమ కొద్దీ పెట్టాడు, ఒకామె మర్యాద కొద్దీ అడగలేదు, నేను అలవాటు కొద్దీ చూడలేదు. ముందుగా నవ్వింది మేడమ్.

"మా ఇంట్లో ఆగి ఉంటే మా అమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. అది మెషీన్‌కి కనబడదు, అంతే తేడా."

రెండోసారి డబ్బా వచ్చినప్పుడు దాన్ని ఆఫీసుకే చేర్చాను. వెళ్లేముందు జీపు కొట్టు ముందు ఆపమన్నాడు నాన్న. అరుగు దిగి వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కిటికీలోంచి డబ్బా వైపు తదేకంగా చూశాడు. "చూస్తే ఫర్వాలేదుగా?" అన్నాడు. ఇప్పుడాయన లేడు. ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే నాకు ఆ కిటికీలో ఉన్న ముఖమే వస్తుంది. నోట్లో ఏదో మంత్రం, చేతులు మాత్రం వెనక.

ఈసారి నీళ్లతోపాటు బురద, అత్త తట్టలోంచి కొయ్యంగలు, పీతలు కూడా పంపాం. బ్లాంక్‌లో ఏమీ రాలేదు. క్రీకు నీళ్లలో ఎక్కడి నీళ్లలోనైనా ఉండేంతే ఉంది. చేపల్లో, పీతల్లో భయపడాల్సింది లేదు. బురదని మాత్రం ఇంకా చాలా కాలం చూస్తూ ఉండాలంది మేడమ్. తనే వచ్చి, తట్ట ముందు కూర్చుని అత్తకి అన్నీ చెప్పింది. "తినొచ్చు. మీ మనవలకీ పెట్టొచ్చు" అంది.

అత్త కళ్లు తుడుచుకుంది. తర్వాత నిట్టూర్చింది. "నువ్వు సెప్పావు, నాను నమ్మాను. బజారోల్లు నమ్మొద్దా? సర్కారోల్లు ఎప్పుడూ అంతా బాగుందనే సెప్తారని అంతారు."

నిజమే. మర్నాడు పొద్దున్న తట్ట మళ్లీ నిండుగానే ఉంది. జనం పక్కనుంచే పోతున్నారు. నేను పర్సు తీసి, ఆమె చెప్పిన ధరకి మారు మాట్లాడకుండా ఇవ్వబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిచ్చిదానా! నువ్వు బేరం ఆడకుండా కొంటే అందరూ ఏటనుకుంతారు? పాపం ముసల్దని జాలిపడి కొంది, ఇంటికెల్లి పారబోత్తది అనుకుంతారు. ఆడు బేరం."

నేను సగం అడిగాను.

"గట్టిగా పాపా. ఆ సివరోల్లకి ఇనబడ్లేదు."

గట్టిగా సగం అడిగాను. ఆమె గుండె పట్టుకుని వెనక్కి పడబోయింది. చేప మొప్ప ఎత్తి చూశాను. నిన్నటిదన్నాను. నిన్నటిది నీ ముఖమంది. కళ్లు మసకగా ఉన్నాయన్నాను. అవి నిన్ను సూసి మూసుకున్నాయంది. నాన్న కొట్టులోంచి తల బయటపెట్టి, "ఆ ధరకి తెచ్చావంటే ఇంట్లోకి రానివ్వను" అని అరిచాడు. "షావుకారూ, నువ్వు లోపలుండు, యే మేరా మామ్లా! ఇది నా బేరం!" అని అత్త. జనం ఆగారు. పాదరసం చూసే అమ్మాయి సిప్పీఘాట్ కొయ్యంగ కోసం ఇంతలా కొట్లాడుతోందంటే చేప మంచిదన్నమాట. వాళ్ల ముఖాల్లో ఆ లెక్క నాకు కనబడుతూనే ఉంది. అత్తకీ కనబడింది. జనం మూగిన కొద్దీ ఆమె ధర తగ్గించడం మానేసి పెంచడం మొదలుపెట్టింది. నేను ఆవేశంలో అది గమనించకుండా పైకి పైకి అడుగుతూ పోయాను. మొదట ఆమె చెప్పిన ధర ఎప్పుడో దాటిపోయాను.

ఇంతలో నా వెనక నిలబడ్డ ఒకావిడ నన్ను భుజంతో పక్కకి తోసింది. "నువ్వు కొనవు, కొనేవాళ్లని కొననివ్వు. హటో!" అని సంచీ చాపింది. ఆమె వెనక ఇంకొకరు. నేను లేచి నిలబడి చూసేసరికి తట్టలో మంచు ముక్కలు మాత్రమే మిగిలాయి. అత్త నా వైపు చూడనైనా చూడకుండా చీర కొంగు బిగించి ముడేసుకుంటోంది.

ఆ పూట మా ఇంట్లో పప్పు.